బంతి ఆగిపోయే జట్టు

కువైట్‌లో ఒక బాస్కెట్‌బాల్ క్లబ్బులో పద్దెనిమిదేళ్లు పనిచేశాను. ఆటగాళ్లు సరైనవాళ్లు లేక ఓడిపోయిన సీజను ఆ పద్దెనిమిదేళ్లలో ఒక్కటి కూడా లేదు. పొడుగువాళ్లు ఉన్నారు, వేగం ఉన్నవాళ్లు ఉన్నారు, దూరం నుంచి గురి చూసి వేసేవాళ్లు ఉన్నారు. అయినా బాస్కెట్లు పడేవి కావు. గెలవాల్సిన మ్యాచ్‌లు వరసగా ఓడేవాళ్లం.

ఎందుకలా జరిగిందని మా వైపు కొత్తగా పీఈటీలుగా, కోచ్‌లుగా చేరుతున్నవాళ్లు నన్ను అడుగుతుంటారు. ఇప్పటిదాకా వాళ్లకు సగమే చెప్పాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. ఇందులో నన్ను మెచ్చుకోవాల్సిందేమీ లేదు.

నేను చేరిన పని

మాది కోనసీమ. యూనివర్సిటీ జట్టుకు ఆడాను, కోచింగ్‌లో డిప్లొమా చేశాను. తొంభైల మధ్యలో కువైట్‌లో అబ్బాసియా అనే పేటలోని ఒక ఇండియన్ స్కూలుకు డ్రిల్లు మాస్టారుగా వెళ్లాను. స్కూలు గ్రౌండంటే రెండు బిల్డింగుల మధ్య సిమెంటు చేసిన జాగా. ఎండాకాలం వస్తే బూట్ల అడుగులు ఊడివచ్చేవి.

రెండేళ్ల తర్వాత ఒక కువైటీ క్లబ్బువాళ్లకు మ్యాచ్‌ల వివరాలు రాసే మనిషి కావలసి వచ్చాడు. ఎవరు ఎన్ని వేశారు, ఎన్ని తప్పాయి, రింగుకు తగిలి వెనక్కి వచ్చిన బంతిని ఎవరు పట్టుకున్నారు, ఇవన్నీ రాయాలి. ఆట తెలిసి, ఇంగ్లిషు రాయడం వచ్చినవాడినని నన్ను తీసుకున్నారు.

అక్కడ బాస్కెట్‌బాల్ వ్యవహారమంతా చూసే మేనేజరు అబూ నాసర్. మర్యాదస్తుడు, గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. నా ఇఖామాను తన కంపెనీ మీదకి మార్పించాడు. ఇఖామా అంటే ఆ దేశంలో ఉండడానికి అనుమతి. ఆ రోజు నుంచి నేను, నా భార్య కనకదుర్గ, మా పాప కువైట్‌లో ఉండడం ఆయన సంతకం మీద ఆధారపడింది. ఆయన ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరమూ రాలేదు.

మొదటి కోచ్

నేను చేరినప్పటి కోచ్ జోరాన్, యుగోస్లావియా మనిషి. మొదటి మ్యాచ్‌లో నేను బల్ల దగ్గర కూర్చుని రాసుకుంటుంటే వచ్చి నా పెన్సిల్ లాక్కున్నాడు.

"బంతిని చూస్తున్నావు. బంతిని టికెట్ కొన్న ప్రతివాడూ చూస్తాడు. నువ్వు బంతి లేని నలుగురిని చూడు" అన్నాడు.

ఆ మ్యాచ్ అంతా నేనేమీ రాయలేదు, చూస్తూ కూర్చున్నాను. అంతకు ముందు పదిహేనేళ్లు ఆడినా నాకు కనపడనిది ఆ సాయంత్రం కనపడింది.

మా జట్టులో ఫహద్ అనే ఆటగాడు ఉండేవాడు. అప్పటికి ఇరవై రెండేళ్లు. అంత సహజమైన ఆటను నేను దగ్గర నుంచి మళ్లీ చూడలేదు. బంతి ఎలా తిరిగినా చివరికి ఫహద్ చేతికి వచ్చేది. వచ్చాక ఆగిపోయేది. బంతి అందుకున్న ముప్పై సెకండ్లలోపు రింగు మీదకి వేయాలని అప్పటి నిబంధన. అందులో సగానికి పైగా ఫహద్ బంతిని నేలకేసి కొడుతూ నిలబడేవాడు. మిగతా నలుగురు అతన్ని చూస్తూ నిలబడేవాళ్లు. ఎవరిని కాపు కాయాలో ఎదుటివాళ్లు వెతుక్కోనక్కర్లేదు. ముగ్గురు అతని మీదకి వచ్చేవాళ్లు. అతను ఆ ముగ్గురి చేతుల మీదుగా వేసేవాడు. కొన్ని పడేవి, పడినప్పుడు హాలు హోరెత్తేది. పడనప్పుడు దురదృష్టం అనేవాళ్లు.

అమెరికా నుంచి తెచ్చిన పొడుగాటి ఆటగాడు బంతి కోసం రింగు కింద చెయ్యెత్తి నిలబడేవాడు. కొన్ని వారాలు అలా ఎత్తాక, ఎత్తడం మానేశాడు.

జాసిం

ఆ జట్టులోనే జాసిం ఉండేవాడు. పొట్టివాడు. పగలు అగ్నిమాపక శాఖలో ఉద్యోగం, సాయంత్రం ఆట. రింగు మీదకి వేయడం చాలా తక్కువ. పత్రికల్లో అతని పేరు రాదు. బంతి చేతికి వస్తే క్షణం కూడా ఉంచుకునేవాడు కాదు, ఎవరు ఖాళీగా ఉన్నారో బంతి రాకముందే చూసి పెట్టుకునేవాడు. బంతి లేనప్పుడు ఇంకా ఎక్కువ కష్టపడేవాడు. ఖాళీ వైపుకి పరుగెత్తి తన వెంట ఒక కాపలావాణ్ణి లాక్కుపోయేవాడు. లేదా ఎదుటివాడి దారికి అడ్డంగా నిలబడి మనవాడికి దారి ఇచ్చేవాడు. ఆ గుద్దులు తినడానికి అతని ఒళ్లు చాలేది కాదు. అయినా నిలబడేవాడు.

ఈ సంగతి నాకంటే ముందు కనిపెట్టినవాడు హాలు తుడిచే ఓబులేసు. రాజంపేట వైపు మనిషి, యాభై దాటినవాడు. ప్రాక్టీసు అయ్యాక ఒకరోజు నా పక్కన మాప్ పట్టుకుని నిలబడి చెప్పాడు.

"సార్, నాకు ఆట తెల్దు గానీ ఒగటి జెప్తా. ఆ పొట్టాయన లోపల ఉన్నంతసేపు బంతి సప్పుడు తక్కువుంటాది. ఆయప్ప వచ్చి కూచున్యాడంటే మళ్లా టప్ టప్ టప్ మొదలు. నేను వరండాలో మాప్ పిండుకుంటానే జెప్పగలను, లోపల యెవురుండారో."

"ఎన్నాళ్ల నుంచి గమనించావు ఓబులేసూ?"

"పోయిన యేడాది నుంచి సార్. నన్నెవురు అడిగినారు?"

నాకు డిప్లొమా ఇచ్చిన మాస్టార్లు కూడా అంత సూటిగా చెప్పలేదు. బంతి నేల మీద పడుతోందంటే మనుషుల మధ్య తిరగడం లేదని అర్థం. ఆ రోజు నుంచి విడిగా ఒక నోటుబుక్కు పెట్టాను. రింగు మీదకి వేసే ముందు ఎన్ని చేతులు మారింది, ఆ సమయానికి కోర్టు మీద ఎవరెవరు ఉన్నారు, బాస్కెట్‌కి దారి తీసిన పాస్ కంటే ముందు పాస్ ఎవరిది, ఇవన్నీ రాసేవాణ్ణి. సీజను సగానికి వచ్చేసరికి అనుమానం లేకుండా తేలిపోయింది. జాసిం ఉన్నప్పుడు మాది ఒక జట్టు, లేనప్పుడు ఇంకో జట్టు. అతను ఉన్నప్పుడు ఫహద్ వేసినవి కూడా ఎక్కువ పడేవి. అప్పుడు అతని మీద ముగ్గురు కాదు, ఒక్కడే ఉండేవాడు.

నా తప్పు

ఆ నోటుబుక్కు పట్టుకుని సంతోషంగా అబూ నాసర్ గదికి వెళ్లాను. ఆయన రెండు పేజీలు తిప్పి మూసేశాడు.

"సూరీ, ఇన్ని గడులు ఎవరు చదువుతారు? బోర్డువాళ్లకి చూపించడానికి నాకు ఒక్క కాగితం చాలు. పేరు, పాయింట్లు. అంతే."

అలాగే సార్ అన్నాను. వాదించలేదు. ప్రతి మ్యాచ్ తర్వాత ఒక్క కాగితం తయారుచేసేవాణ్ణి, పేరు, దాని పక్కన పాయింట్లు. దాన్ని బట్టలు మార్చుకునే గదిలో గోడకి కూడా అంటించమన్నాడు. అంటించాను.

రెండు వారాల తర్వాత మా ఫార్వర్డ్ ఒకడు, మంచి మనసున్నవాడు, ఆ కాగితం ముందు నిలబడి నన్ను పిలిచాడు.

"ఉస్తాద్, నేను ఇచ్చిన పాస్‌లు ఏ గడిలో ఉన్నాయి?"

"వాటికి గడి లేదు" అన్నాను.

"అయితే ఖలాస్" అని నవ్వి వెళ్లిపోయాడు. తర్వాతి మ్యాచ్ నుంచి అతను కూడా బంతి దొరికితే చాలు, రింగు మీదకి వేయడం మొదలుపెట్టాడు. నేను అతన్ని తప్పుపట్టలేను. ఏ పనికి విలువ ఉందో ఆ గోడ మీద రాసింది నేనే. మేము బాస్కెట్లు వేసే తీరు పాడవడానికి ఫహద్ ఎంత కారణమో ఆ కాగితమూ అంత కారణం. అందులో ప్రతి గీతా నేను స్కేలు పెట్టి గీసిందే.

ఆ గదిలో

సీజను అయిపోయాక వచ్చే ఏడాదికి ఎవరిని ఉంచాలో తేల్చడానికి అబూ నాసర్ గదిలో కూర్చున్నాం. ఆయన, జోరాన్, నేను. చాయ్ తెప్పించాడు. ఏడాది మొత్తం వివరాలతో నేను రాసిన కాగితం బల్ల మీద ఉంది. ఆయన వేలు పేర్ల మీదుగా జారుతూ జాసిం దగ్గర ఆగింది.

"ఇతని పక్కన ఏమీ లేదే" అన్నాడు.

"అతను ఉండాలి. వేరే ఎవరినైనా తీసెయ్యండి" అన్నాడు జోరాన్.

"కాగితం అలా చెప్పడం లేదు కోచ్." ఆయన నా వైపు తిరిగాడు. "సూరీ, రాసేవాడివి నువ్వు. నువ్వు చెప్పు."

నోటుబుక్కు నా కాళ్ల దగ్గర సంచిలో ఉంది. తీసి బల్ల మీద పెట్టడానికి ఎంతసేపు పడుతుంది? జోరాన్ నన్నే చూస్తున్నాడు. నోటుబుక్కు సంగతి అతనికి తెలుసు.

"కాగితంలో ఉన్నదే సార్" అన్నాను.

అబూ నాసర్ ఆ పేరు మీద గీత కొట్టాడు.

బయట పార్కింగులో జోరాన్ తన కారు తలుపు తీసి నా వైపు తిరిగాడు. తిడతాడనుకున్నాను. "నీకూ పిల్లలున్నారు, నాకూ ఉన్నారు" అని మాత్రం అని వెళ్లిపోయాడు. ఆ చలికాలంలో వరసగా నాలుగు మ్యాచ్‌లు ఓడాక అతన్నీ పంపేశారు.

ఇంటికి వెళ్లి కనకదుర్గకు జరిగింది చెప్పాను.

"మీరు ఆ పుస్తకం తీసుంటే ఏటయ్యేదండీ?" అంది.

"ఆయనకి కోపం వచ్చుంటే మనం సామాన్లు సర్దుకోవాల్సి వచ్చేదేమో."

"అయితే మంచి పనే చేసేరు లెండి." కంచం పెట్టి ఎదురుగా కూర్చుంది. కాసేపటికి, "మరి తినరేటండీ?" అంది.

జాసిం వారం తర్వాత తన బూట్లు తీసుకెళ్లడానికి హాలుకు వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను.

"ఉస్తాద్, నా ఆటలో ఏం తక్కువైంది? చెబితే నేర్చుకుంటాను."

"కొత్తవాళ్లకి అవకాశం ఇస్తున్నారు జాసిం. నీలో తక్కువేమీ లేదు" అన్నాను. అతను బుర్ర ఊపాడు, నమ్మలేదని తెలుస్తూనే ఉంది. వేరే క్లబ్బులో చేరదామనుకున్నాడు. దానికి మా క్లబ్బు విడుదల చేస్తూ ఉత్తరం ఇవ్వాలి. రెండేళ్లు తిరిగినా ఇవ్వలేదు. పనికిరాడని తీసేసినవాణ్ణి ఎందుకు పట్టుకుని ఉంచుకున్నారో అప్పుడు నాకు అర్థం కాలేదు. అతను ఆట మానేశాడు.

తర్వాతి ఏళ్లు

ఆ తర్వాత కోచ్‌లు ఎంతమంది వచ్చారో నాకు వరసగా గుర్తులేదు. ప్రతివాడూ వచ్చి తెల్లబోర్డు మీద గీతలు గీసేవాడు. ప్రతివాడి గీతలూ బాగానే ఉండేవి. మ్యాచ్‌లో మొదటి ఐదు నిమిషాలు మావాళ్లు వాటి ప్రకారం పరుగెత్తేవాళ్లు. స్కోరు కాస్త వెనకబడగానే బంతి ఫహద్ చేతికి వెళ్లేది, నలుగురూ నిలబడిపోయేవాళ్లు. కొన్నేళ్లకు నిబంధన మారి ముప్పై సెకండ్లు ఇరవై నాలుగయ్యాయి. మావాళ్లు నిలబడే సమయం ఆరు సెకండ్లు తగ్గింది. మా ఆటలో నాకు గుర్తున్న మెరుగు అదొక్కటే.

నన్ను అసిస్టెంట్ కోచ్‌ని చేశారు. నా చేతనైంది చేసి చూశాను. ప్రాక్టీసులో బంతిని నేలకు కొట్టకూడదు, పాస్‌లతోనే ముందుకు తీసుకెళ్లాలి అని ఒక ఆట పెట్టాను. అందులో అందరికంటే బాగా ఆడింది ఫహద్. వీపు వెనక నుంచి, వెళ్లే మనిషి అడుగు పడే చోటికి సరిగ్గా బంతి పెట్టేవాడు. ఆ సాయంత్రాలు చూస్తే మాది దేశంలోకెల్లా మంచి జట్టు. శుక్రవారం మ్యాచ్‌లో మళ్లీ మామూలే.

ఒకరోజు ఫహద్ మోకాళ్ల మీద ఐసు సంచులు పెట్టుకుని కూర్చున్నప్పుడు అడిగేశాను. ప్రాక్టీసులో ఇచ్చే పాస్ మ్యాచ్‌లో ఎందుకు ఇవ్వవు?

అతనికి కోపం రాలేదు. "నేను బంతి వదిలితే బెంచి మీద నుంచి నా పేరు పెట్టి అరుస్తారు. మా పెదనాన్న స్టాండులో లేచి నిలబడతాడు. అది మీరు చూడలేదా?"

"చూశాను."

"పదహారేళ్లప్పటి నుంచి నాకు బంతి ఇస్తూనే ఉన్నారు ఉస్తాద్. ఇవ్వమని చెప్పారు కాబట్టి ఇస్తారు. నేను ఖాళీగా ఉన్నానని చూసి ఇచ్చినవాడు ఒక్కడే. వాణ్ణి మీరు పంపేశారు."

మీరు అన్నాడు. క్లబ్బునా, నన్నా, అని అడగలేదు. ముప్పై రెండేళ్లకే అతని మోకాళ్లు పోయాయి. అంత ఆట ఉన్నవాడు ఒక్క కప్పు కూడా ఎత్తకుండా వెళ్లిపోయాడు.

తెలియక కాదు

నాకు అరవై దగ్గరపడింది, పాప చదువు అయిపోయింది, మేము తిరిగి వచ్చేయాలని నిర్ణయించుకున్నాం. ఇక ఆ ఇఖామాతో పని లేదు. అప్పుడు, అంటే భయం పూర్తిగా పోయాక, అబూ నాసర్ గదికి వెళ్లి పద్దెనిమిదేళ్లుగా దాచుకున్నదంతా చెప్పాను. నోటుబుక్కు, జాసిం, గోడ మీద కాగితం, అన్నీ.

ఆయన ఓపిగ్గా విన్నాడు. అప్పటికి బాగా ముసలివాడయ్యాడు.

"ఇదంతా నాకు తెలియదనుకున్నావా సూరీ?" అన్నాడు.

గ్లాసుల్లో చాయ్ పోశాడు.

"నాకు కళ్లున్నాయి. ఆ పిల్లవాడు ఉంటే గెలుస్తామని నాకు మొదటి ఏడాదే తెలుసు. తెలియకపోతే ఇంకో క్లబ్బుకి వదిలేసేవాణ్ణి కదా. వదిలితే వాళ్ల తరఫున ఆడి మనల్ని ఓడించేవాడు." చాయ్ గ్లాసు నా వైపు జరిపాడు. "క్లబ్బు బోర్డుకి ఎన్నికలు ఉంటాయి. ఫహద్ వాళ్ల కుటుంబం మనుషులు సభ్యుల జాబితాలో ఎంతమంది ఉన్నారో నీకు తెలుసా? వాళ్లు వచ్చేది ఫహద్ వేసేది చూడడానికి. పాస్ ఇచ్చేది చూడడానికి కాదు. నేను ఈ కుర్చీలో ఉండాలి కదా."

"మరి ఆ రోజు నన్నెందుకు అడిగారు?"

"ఎవరో ఒకరు చెప్పాలి. నేను చెబితే జోరాన్ ఊరుకునేవాడు కాదు. నువ్వు చెప్పావు."

మర్యాదగా లేచి నన్ను తలుపు దాకా దిగబెట్టాడు.

కోచింగ్‌లోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది ఇది. ప్రతిభ ఉన్న జట్టు బాస్కెట్లు వేయలేకపోతే మొదట బంతి లేని నలుగురిని చూడండి, నిలబడి ఉన్నారా, కదులుతున్నారా అని. తర్వాత గోడ మీద ఏ కాగితం ఉందో చూడండి. ఆ తర్వాత స్టాండులో ఎవరు కూర్చున్నారో చూడండి. ఈ మూడూ చూసినంత మాత్రాన జట్టు బాగుపడుతుందని నేను చెప్పను. నేను చూశాను, జోరాన్ చూశాడు, ఓబులేసు విన్నాడు, ఫహద్‌కి తెలుసు, అబూ నాసర్‌కి అందరికంటే ముందు తెలుసు. అందరికీ తెలిసే అన్నేళ్లు ఓడిపోయాం. చూసినదాన్ని అడిగినప్పుడు, అడిగిన గదిలో, చెప్పగలిగితేనే ఈ ఉద్యోగానికి రండి. లేకపోతే మీరు రాసేది కూడా వాళ్లకే పనికొస్తుంది.

అమ్ఘరాలో

కువైట్ వదిలే ముందు సామాన్లు పంపడానికి చెక్క పెట్టెలు కావలసి వచ్చి అమ్ఘరా వెళ్లాను. పాత ఇనుము, ఇళ్లు కట్టే సరుకు దొరికే చోటు అది. ఒక గోదాము ముందు టైల్సు దింపిస్తున్న మనిషి నన్ను చూసి ఆగాడు. ఒళ్లు వచ్చింది, గడ్డం నెరిసింది. జాసిం.

చేతులు పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు. ఏసీ కింద కుర్చీ వేశాడు. ఉద్యోగం నుంచి ముందుగానే విరమించుకుని అన్నతో కలిసి ఈ గోదాము చూసుకుంటున్నానన్నాడు. నలుగురు పిల్లలు. ఎవరినీ బాస్కెట్‌బాల్‌కి పంపలేదన్నాడు.

నాకు మనసు ఆగలేదు. వెళ్లిపోయే ముందు ఇతనికి నిజం చెప్పాలనిపించింది. చెబితే అతనికి సంతోషం కలుగుతుందనుకున్నాను. నాకు బరువు తగ్గుతుందని కూడా అనుకున్నానేమో. నువ్వు ఉన్నప్పుడే మన జట్టు జట్టులా ఆడేది, మ్యాచ్ మ్యాచ్‌కీ నేను రాసి పెట్టుకున్నాను, నీకంటే ముఖ్యమైన ఆటగాడు ఆ జట్టులో లేడు అని చెప్పాను.

జాసిం కుర్చీ నా దగ్గరకి జరుపుకున్నాడు.

"ఇది మీకు ఎప్పుడు తెలిసింది?"

"అప్పుడే."

"నన్ను తీసెయ్యకముందా?"

"ముందే."

"నేను బూట్లు తీసుకెళ్లడానికి వచ్చి మిమ్మల్ని అడిగాను. అప్పుడు కూడా తెలుసా?"

"తెలుసు జాసిం."

అతను లేచి కిటికీ దగ్గరకి వెళ్లాడు. బయట పనివాళ్లు టైల్సు పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు.

"నేను అంత ఆటగాణ్ణి కాదు, అందుకే పంపేశారు అని నాకు నేను చెప్పుకున్నాను" అన్నాడు. గొంతులో కోపం లేదు. "మొదట్లో కష్టమైంది. తర్వాత అలవాటైంది. మా ఆవిడకీ అదే చెప్పాను, పిల్లలకీ అదే చెప్పాను. ఇన్నేళ్లూ దానితో బాగానే బతికాను. ఇప్పుడు ఇంటికి వెళ్లి ఏమనుకోమంటారు ఉస్తాద్?"

జవాబు కోసం అతను ఆగలేదు. మనుషుల్ని పిలిచి పెట్టెలు నా బండిలోకి ఎక్కించమన్నాడు. తాడు వదులుగా కట్టారని తానే వచ్చి విప్పి గట్టిగా కట్టాడు. క్షేమంగా వెళ్లి రండి అని నాతో చెయ్యి కలిపాడు. నేను బండి తిప్పుకుని వచ్చేటప్పుడు చూస్తే, ఎండలో, గోదాము ముందు, చేతులు రెండూ కిందికి వదిలేసి ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.